హాస్టల్లో చేరిన కొత్తలో ప్రతి శనివారం ఇంటికి వెళ్లిపోవడం తప్పా?

పై మంచం:
చేరి ఐదు వారాలైంది. బస్సులో రెండున్నర గంటలు కూర్చుంటే ఇల్లు. శుక్రవారం ఆఖరి క్లాసు అవగానే బ్యాగు తగిలించుకుని బయల్దేరతాను, ఆదివారం రాత్రి తిరిగొస్తాను. ఒక్క వారం కూడా మానలేదు. నిన్న మా రూమ్మేట్ "నువ్వు ఇక్కడ ఉండట్లేదే, వచ్చి పోతున్నావ్ అంతే" అంది. మాట గుచ్చుకుంది. నిజంగా తప్పు చేస్తున్నానా? ఆదివారం రాత్రి గది తలుపు తీస్తే ఇప్పటికీ చేరిన రోజులాగే ఉంటుంది, అందుకే అడుగుతున్నా.

నాలుగో ఏడాది:
మానెయ్ చెల్లీ. మొదటి సెమిస్టరంతా నేనూ నీలాగే తిరిగాను. క్లాసులున్న రోజుల్లో హాస్టల్లో ఎవరికీ ఎవరూ దొరకరు. పొద్దున స్నానాల గది ముందు క్యూ, సాయంత్రం అసైన్‌మెంటు, తర్వాత నిద్ర. శనివారం మధ్యాహ్నం మాత్రం ఏ పనీ లేక ఎవడో ఒకడు తలుపు బార్లా తీసి కూర్చుంటాడు. ఇంకొకడు వచ్చి మంచం చివర కూలబడతాడు. రాత్రి రెండింటికి లేస్తారు. ఆ గంటలు నాకు లేకుండా పోయాయి. సెమిస్టర్ చివరికి మా అంతస్తులో వేసుకునే జోకులు నాకు అర్థమయ్యేవి కావు. పాపం విడమర్చి చెప్పేవాళ్లు. విడమర్చాక జోకులో ఏముంటుంది?

అమ్మను నేను:
ఈ "మానెయ్" సలహాతోనే మా అబ్బాయిని నేను ఇబ్బంది పెట్టానండీ. మొదటి నెల ఇంటికి రానివ్వొద్దు, గట్టిపడతాడు అని ఎవరో చెబితే నమ్మాను. ఫోన్లో బాగున్నాను అనేవాడు. మూడో వారంలో గొంతు వింటే తేడా తెలిసింది. వెళ్లి చూస్తే చిక్కి సగమయ్యాడు, సరిగ్గా నిద్రపోయి పది రోజులైందట. నాలుగు రోజులు తీసుకొచ్చి ఉంచుకున్నాను. ఆ తర్వాత వాడే "ఇక వెళ్తానమ్మా" అన్నాడు. ఎవరి తాహతు వాళ్లది. అందరికీ ఒకటే మందు రాయకండి.

నాలుగో ఏడాది:
అమ్మా, మీ అబ్బాయి ఒకసారి వెళ్లి నాలుగు రోజులున్నాడు. ఈ అమ్మాయి ప్రతి వారం వెళ్తోంది. రెండూ ఒకటి కాదు కదా.

పుస్తకాల పురుగు:
అమ్మగారి వైపు ఓ పాత సాక్ష్యం. నోస్టాల్జియా అనే మాటను 1688లో యోహానెస్ హోఫర్ అనే స్విట్జర్లాండ్ వైద్య విద్యార్థి తయారుచేశాడు. గ్రీకులో నోస్టోస్ అంటే ఇంటికి తిరిగి రావడం, ఆల్గోస్ అంటే నొప్పి. ఇప్పుడు మనం పాత రోజుల తీపి గుర్తులకు వాడే మాట అప్పట్లో ఇంటి బెంగ అనే జబ్బు పేరు! ఆయన చెప్పిన అసలు చికిత్స కూడా రోగిని ఇంటికి పంపేయడమే. బస్ టికెట్ బుక్ చేసుకో.

పక్క తలుపు:
హోఫర్ పంపితే మళ్లీ తిరిగి రానక్కర్లేదు. ఈ అమ్మాయి ఆదివారం రాత్రికి తిరిగి రావాలి, అదీ చిక్కు.

ఇంకో మాట. ఫెస్టింగర్, షాక్టర్, బాక్ అనే ముగ్గురు పరిశోధకులు అమెరికాలోని ఎంఐటీ అనే యూనివర్సిటీ విద్యార్థుల నివాసాల్లో ఎవరికి ఎవరు దగ్గరయ్యారో అడిగి 1950లో వివరాలు ప్రచురించారు. ఒకే అంతస్తులో పక్క తలుపు వాళ్లను స్నేహితులుగా చెప్పినవాళ్లు 41 శాతం, అదే అంతస్తు ఆ చివర ఉన్నవాళ్లను చెప్పినవాళ్లు 10 శాతం. మనసులు కలవడం తర్వాత సంగతి, ముందు మెట్ల దగ్గర ఎదురుపడాలి. గదికి తాళం వేసుంటే ఎవరు ఎదురుపడతారు?

పుస్తకాల పురుగు:
అవి పెళ్లయిన విద్యార్థుల కాపురాలు బాబూ. ఇంటికి పారిపోయే మొదటి ఏడాది పిల్లలు కారు. తలుపు దగ్గరుంటే స్నేహం కుదురుతుందని తేలింది గానీ, వారానికి రెండు రోజులు లేకపోతే కుదరదని అందులో తేలలేదు.

పక్క తలుపు:
అదీ నిజమే. ఒప్పుకుంటున్నా.

నిద్రమత్తు:
నా అనుమానం వేరే. కొత్త చోట మొదటి రాత్రి మెదడులో ఒక సగం మెలకువగా కాపలా కాస్తుందని 2016లో బ్రౌన్ యూనివర్సిటీ వాళ్లు చూపించారు. ప్రతి ఆదివారం తిరిగొచ్చేసరికి ఈమెకు ఆ మొదటి రాత్రే మళ్లీ మొదలవుతుందేమో?

పక్క తలుపు:
లేదండీ. పూర్తిగా మెలకువ కాదు, ఎడమ సగం తక్కువ గాఢంగా నిద్రపోయింది. అదే మనుషుల్ని ఓ వారం తర్వాత మళ్లీ పడుకోబెడితే ఆ తేడా కనబడలేదు. అంటే మెదడు గదిని గుర్తుపెట్టుకుంటుంది. నేను ఈమె వెళ్లకూడదనే అంటాను, కానీ ఈ కారణం చెప్పి కాదు.

పాత వార్డెన్:
పన్నెండేళ్లు హాస్టల్ చూశాను కాబట్టి కాస్త పెద్దరికం తీసుకుంటాను. ఇంటికి వెళ్లేవాళ్లు చెడిపోయిందీ, ఉండిపోయినవాళ్లు బాగుపడిందీ నేను చూడలేదు. ఉండి కూడా తలుపేసుకుని రాత్రి పదకొండు దాకా ఇంటితో వీడియో కాల్‌లో గడిపేవాళ్లు బోలెడంత మంది. శరీరం ఇక్కడ, ప్రాణం అక్కడ. దానికంటే బస్సెక్కడమే నయం.

ఎవరు ఎప్పుడు బయల్దేరతారో గమనించేవాణ్ణి. పదిహేను రోజుల ముందే తేదీ అనుకుని వెళ్లేవాళ్లు నవ్వుతూ వెళ్లి నవ్వుతూ వచ్చేవాళ్లు. శుక్రవారం మధ్యాహ్నం కళ్లు తుడుచుకుంటూ సంతకం పెట్టడానికి వచ్చే పిల్లకు తర్వాతి శుక్రవారం ఇంకా కష్టమయ్యేది. ఏడుపొచ్చినప్పుడల్లా బస్సెక్కడం అలవాటైతే ఏడుపుకు వేరే దారి కనబడదు. ఇంకొకటి. ఆదివారం రాత్రి రావద్దమ్మా. చీకటి గది, సర్దని బ్యాగు, తెల్లారితే క్లాసు, ఎవరికైనా దిగులే. మధ్యాహ్నానికల్లా వచ్చెయ్, వెలుతురుండగా బట్టలు సర్దుకో.

నిద్ర పట్టకపోవడం, తినలేకపోవడం వారాల తరబడి సాగితే మాత్రం ఈ లెక్కలేవీ వద్దు. ఇంట్లో చెప్పు, కాలేజీలో కౌన్సెలర్ ఉంటే వెళ్లి కలువు. అమ్మగారు చేసింది సరైన పనే.

అమ్మను నేను:
ధన్యవాదాలండీ. ఇన్నాళ్లకు ఒకరు ఆ మాటన్నారు.

పై మంచం:
అందరికీ థాంక్స్. నిద్రా తిండీ బాగానే ఉన్నాయి, టెన్షన్ పడకండి. ఈ శనివారం ఉండిపోదామనుకుని రూమ్మేట్‌కి గొప్పగా చెప్పాను. తీరా చూస్తే తనే ఈ వారం ఇంటికి వెళ్తోందట!

నాలుగో ఏడాది:
హహ్హ. అయితే పక్క గది తలుపు కొట్టు.

పై మంచం:
వాళ్ల పేర్లు కూడా తెలియవన్నా.

నాలుగో ఏడాది:
ఛార్జర్ అడగడానికి పేరెందుకు?