అప్‌డేట్: పాత తుఫాన్ల గురించి సర్వేలో ఎలా అడగాలి?

ఒడిశాలో గోపాల్‌పూర్ వైపు మన తెలుగు మత్స్యకార పల్లెల్లో 2013 ఫైలిన్, 2018 తిత్లీ హెచ్చరికలు ఎలా అందాయో అడుగుతున్నాను, ఇన్నేళ్ల నాటి జ్ఞాపకాలను ఎలా సరిచూసుకోవాలని రాశాను కదా. అప్పటి పండుగ గుర్తుచేసి అడగమని మీలో కొందరన్నారు. కానీ రెండూ అక్టోబర్‌లో, దసరా నవరాత్రుల్లోనే వచ్చాయి. జనం కలిపేసి చెబుతున్నారు. అందుకే "అప్పటికి మీ పెద్దపిల్ల ఏ క్లాసమ్మా?" అని మొదలుపెట్టాను. ఏ తుఫానో వెంటనే తేలిపోతోంది.

ఆడవాళ్లతో విడిగా మాట్లాడమన్న సలహా మాత్రం బంగారం. మగవాళ్లు పడవలు, వలల గురించి చెబితే, వీళ్లు షెల్టర్‌లో మరుగుదొడ్ల గురించి, ముసలివాళ్లను మోసుకెళ్లడం గురించి చెప్పారు. వాటిని ఫారంలో చేర్చాను.

తర్వాత వెళ్లేది ఒడిశాలోనే గజపతి జిల్లాకు. తిత్లీ వానలకు అక్కడ కొండచరియలు విరిగిపడి మనుషులు పోయారు. ఎవరైనా బాధతో చెప్పలేకపోతే ఇంటర్వ్యూ అక్కడితో ఆపేస్తాను.