హెడ్‌లైట్లు వేస్తే బ్యాటరీ లైటు మసగ్గా వెలుగుతోంది: ఆల్టర్నేటర్ మార్చాల్సిందేనా?

సందేహం:

సభ్యులందరికీ నమస్కారం. నా దగ్గరున్న కారు 1974 నాటిది. అప్పట్లో బిగించిన ఆల్టర్నేటరే ఇప్పటికీ ఉంది. తాళం తిప్పగానే డ్యాష్‌బోర్డులోని ఎర్రటి బ్యాటరీ లైటు పూర్తి కాంతితో వెలుగుతుంది, ఇంజను అందుకోగానే ఆరిపోతుంది. పగలు ఎంత దూరం నడిపినా అది మళ్లీ కనిపించదు. చీకటి పడ్డాక హెడ్‌లైట్లు, వైపర్లు కలిపి వేస్తే మాత్రం అదే లైటు, వంగి చూస్తే తప్ప తెలియనంత మసగ్గా వెలుగుతూనే ఉంటుంది. బ్యాటరీ కొత్తది, బెల్టు బిగువుగానే ఉంది. మెకానిక్ ఆల్టర్నేటర్ మార్చేయమంటున్నారు. అంత పాత సామాను నిజంగా పాడైందని తేలకుండా తీసేయడానికి నాకు మనసొప్పడం లేదు. మల్టీమీటర్ వాడటం వచ్చు కాబట్టి, నేను స్వయంగా చేసుకోగల పరీక్షలుంటే దయచేసి తెలపండి.

సమాధానం:

నమస్కారమండీ. ఆల్టర్నేటర్‌ను అప్పుడే విప్పకండి. మీరు చెప్పిన లక్షణాలను బట్టి చూస్తే లోపం దాని బయటే ఉండే అవకాశం ఎక్కువ.

ఆ లైటు బ్యాటరీ ఆరోగ్యాన్ని చెప్పదు. దాని బల్బుకు ఒక కొస ఇగ్నిషన్ స్విచ్ నుంచి, అంటే బ్యాటరీ వైపు నుంచి వస్తుంది. రెండో కొస ఆల్టర్నేటర్ మీద డి ప్లస్ అనో ఐఎన్‌డీ అనో రాసి ఉండే చిన్న టెర్మినల్‌కు వెళ్తుంది. ఇంజను తిరగనప్పుడు ఆ రెండో కొస బ్రష్‌లు, తిరిగే రోటర్ మీది తీగచుట్ట, వోల్టేజీని అదుపులో ఉంచే రెగ్యులేటర్ గుండా ఎర్త్‌కు, అంటే కారు బాడీకి, కలిసి ఉంటుంది కనుక బల్బు పూర్తిగా వెలుగుతుంది. ఆల్టర్నేటర్ కరెంటు పుట్టించడం మొదలుపెట్టాక రెండు కొసల్లోనూ వోల్టేజీ సమానమై, త్రాసులో రెండు పళ్ళేలూ సరితూగినట్టుగా, ప్రవాహం ఆగి బల్బు ఆరిపోతుంది. కాబట్టి మసక వెలుగు కనిపిస్తోందంటే ఆ రెండు కొసల మధ్య ఒకటి రెండు వోల్టుల తేడా మిగిలి ఉందని అర్థం.

ఇక తేల్చవలసింది ఏ వైపు తగ్గిందన్నదే. చిన్న టెర్మినల్ వైపు తగ్గితే ఆల్టర్నేటర్ లోపల ఫీల్డుకు, అంటే ఆ రోటర్ చుట్టకు, కరెంటు ఇచ్చే చిన్న డయోడ్‌లను అనుమానించాలి. అప్పుడు మీ మెకానిక్ మాటలో పస ఉన్నట్టే. ఇగ్నిషన్ వైపు తగ్గితే ఆల్టర్నేటర్ తన పని తాను చేస్తోందని, పుట్టిన వోల్టేజీ దారిలో ఎక్కడో పోతోందని గ్రహించాలి. మీ కారులో లోడు పెరిగినప్పుడే లైటు కనిపిస్తోంది కనుక నేను రెండోదాని వైపే మొగ్గుతున్నాను. ఒక కనెక్షన్‌లో 0.05 ఓమ్‌ల నిరోధం ఉంటే 5 ఆంపియర్లకు పోయేది పావు వోల్టు మాత్రమే, అదే 30 ఆంపియర్లకు ఒకటిన్నర వోల్టు పోతుంది.

హెడ్‌లైట్లు, వైపర్లు, బ్లోయర్ అన్నీ వేసి, ఇంజనును నిమిషానికి సుమారు 2000 చుట్ల వేగంలో ఉంచండి. నల్ల ప్రోబును బ్యాటరీ నెగటివ్ మీద పెట్టి, ఎర్ర ప్రోబుతో బ్యాటరీ పాజిటివ్, ఆల్టర్నేటర్ లావు టెర్మినల్, చిన్న టెర్మినల్, ఇగ్నిషన్ నుంచి బల్బుకు వచ్చే వైరు, ఈ నాలుగు చోట్లా రీడింగు రాసుకోండి. ఆ తర్వాత ఒక ప్రోబును లావు టెర్మినల్ మీద, మరొకదాన్ని బ్యాటరీ పాజిటివ్ మీద పెట్టి నేరుగా తేడా చూడండి; అది అర వోల్టు దాటితే దారిలో లోపం ఉన్నట్టే. ఆల్టర్నేటర్ బాడీకీ బ్యాటరీ నెగటివ్‌కూ మధ్య కూడా ఇలాగే చూడండి, అక్కడ 0.2 వోల్టు మించకూడదు. ఎర్త్ వైపు లోపం ఈ బల్బును వెలిగించదు గానీ బ్యాటరీని నిండనివ్వదు, అందుకే దాన్ని వదిలిపెట్టవద్దంటున్నాను.

వదులు చొక్కా చేతులను, మీటరు వైర్లను ఫ్యానుకూ బెల్టుకూ దూరంగా ఉంచండి. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకి చూడటం ఆల్టర్నేటర్లకు ముందు వాడిన డైనమోల రోజుల నాటి అలవాటు. ఆల్టర్నేటర్ ఉన్న కారులో అలా చేస్తే వోల్టేజీ ఒక్కసారిగా ఎగసి డయోడ్‌లు, రెగ్యులేటర్ కాలిపోవచ్చు. ఎవరు చెప్పినా ఆ పని చేయకండి.

ప్రశ్నించిన సభ్యుడి జవాబు:

మీరు చెప్పినట్టే చూశానండీ. బ్యాటరీ దగ్గర 12.7, లావు టెర్మినల్ దగ్గర 14.3, చిన్న టెర్మినల్ దగ్గరా 14.3, ఇగ్నిషన్ వైరు దగ్గర 12.5 వచ్చాయి. లావు టెర్మినల్‌కూ బ్యాటరీకీ నేరుగా పెడితే 1.6 ఉంది. ఎర్త్ వైపు 0.1 మాత్రమే.

సమాధానం:

అయితే ఆల్టర్నేటర్ నిక్షేపంగా ఉంది. 1.6 వోల్టులు ఎక్కడ పోతున్నాయో పట్టుకోవడమే మిగిలింది. ఒక ప్రోబును లావు టెర్మినల్ మీదే ఉంచి, రెండోదాన్ని ఆ వైరు వెళ్లే దారి వెంట జరుపుకుంటూ పోండి: ముందు ఆల్టర్నేటర్‌కు తొడిగే ప్లగ్గుకు వెనక వైపున్న రాగి తీగ, తర్వాత స్టార్టర్ సోలెనాయిడ్ బోల్టు, ఆ తర్వాత బ్యాటరీ క్లాంపు, చివరికి బ్యాటరీ పోస్టు. రీడింగు ఎక్కడ ఒక్కసారిగా పెరిగితే లోపం అక్కడే. క్లాంపునూ పోస్టునూ వేర్వేరుగా చూడమనడానికి కారణం, వాటి మధ్య చేరే చిలుము పైకి కనిపించకపోవడమే.

ప్లగ్గు విప్పే ముందు ఇంజను ఆపి, బ్యాటరీ నెగటివ్ తీసేయండి. తాళం తీసినా ఆ లావు వైరులో కరెంటు ఉంటుంది.

ప్రశ్నించిన సభ్యుడి జవాబు:

ప్లగ్గు దగ్గరే దొరికిందండీ. ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగింది, లోపలి ఇత్తడి క్లిప్పు వేడికి ఊదారంగు తేలి పట్టు వదిలేసింది. దానికి గీరుడు కాగితం పట్టిస్తే సరిపోతుందా?

సమాధానం:

సరిపోదండీ. వేడికి స్ప్రింగు బలం పోయిన క్లిప్పు ఎంత మెరిసినా గట్టిగా పట్టదు, కొద్దిరోజుల్లోనే మళ్లీ వేడెక్కుతుంది. తొడుగు వెనక్కి లాగి, రాగి పోగులు నల్లబడినంత మేర వైరు కోసేసి, ఎర్రటి మెరుపు కనిపించిన చోట ఆల్టర్నేటర్ సామర్థ్యానికి తగిన కొత్త క్లిప్పును సరైన పనిముట్టుతో నొక్కించండి. వైరు పొట్టిదైతే అంతే మందం ఉన్న కొత్త వైరు వేయించండి, మధ్యలో అతుకు పెట్టవద్దు.

మరొక సభ్యుడి సందేహం:

మా కారులో ఉన్నది డైనమో. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు లైటు మినుకుమంటుంది. ఇది కూడా ఇలాంటి లోపమేనా? ఆ బల్బు స్థానంలో ఎల్‌ఈడీ వేసుకోవచ్చా?

సమాధానం:

డైనమో తక్కువ వేగంలో చాలినంత వోల్టేజీ ఇవ్వదు. అప్పుడు డైనమోను బ్యాటరీతో కలిపే కటౌట్ స్విచ్ పాయింట్లు విడిపోయి లైటు మినుకుమంటుంది, ఆక్సిలరేటర్ తొక్కగానే ఆరిపోతుంటే అది సహజమే. బండి వేగంగా పోతున్నప్పుడు కూడా మసగ్గా మిగిలితే కటౌట్ పాయింట్లను, కంట్రోల్ బాక్సు టెర్మినళ్లను చూపించండి. ఎల్‌ఈడీ వల్ల మీ డైనమో ఛార్జింగ్ ఆగదు గానీ, బ్యాటరీ పాజిటివ్‌ను బాడీకి కలిపిన పాజిటివ్ ఎర్త్ కారు అయితే దాన్ని తిరగేసి పెట్టాల్సి ఉంటుంది. ఆల్టర్నేటర్ కార్లవారు మాత్రం ఆ మార్పు జోలికి పోకూడదు. వాటిలో సాధారణంగా ఉండే 2.2 వాట్ల బల్బు గుండా వెళ్లే కరెంటే రోటర్‌ను మొదట మేల్కొలుపుతుంది. ఎల్‌ఈడీ అంత కరెంటు పోనివ్వదు కనుక ఇంజను బాగా వేగం అందుకునే దాకా ఛార్జింగ్ మొదలుకాకపోవచ్చు.

ప్రశ్నించిన సభ్యుడి జవాబు:

వైరు కోసి కొత్త క్లిప్పు వేయించానండీ. అదే లోడు మీద ఇప్పుడు తేడా 0.2, బ్యాటరీ దగ్గర 14.1 ఉన్నాయి. రాత్రి నడిపినా లైటు వెలగలేదు. మీకు కృతజ్ఞతలు.