సుప్రాలో సీక్వెన్షియల్ టర్బోలు ఉంచాలా, ప్యారలల్‌కి మార్చాలా?

ప్రశ్న: డాలస్‌లో ఉంటాను. 1994 టొయోటా సుప్రా టర్బో కారు కొన్నాను. 4000 ఆర్‌పీఎం దగ్గర బూస్ట్ (ఎగ్జాస్ట్‌తో తిరిగే టర్బో ఇంజిన్‌లోకి నెట్టే గాలి ఒత్తిడి) బాగా పడిపోయి మళ్లీ లేస్తోంది. ఇప్పుడు సీక్వెన్షియల్, అంటే ఒకదాని తర్వాత ఒకటి పని చేస్తాయి; రెండు టర్బోలూ మొదటి నుంచీ కలిసి తిరిగేలా ప్యారలల్‌కి మార్చేయమంటున్నాడు మెకానిక్. ఎవరైనా మార్పించారా?

జవాబు: తొందరపడకండి అన్నా. మీ సుప్రాలోని 2జేజెడ్ ఇంజిన్‌లో కింది ఆర్‌పీఎంలో ఆరు సిలిండర్ల ఎగ్జాస్ట్ అంతా ఒక్క టర్బోకే వెళ్తుంది. అందుకే తక్కువ స్పీడులోనే లాగుతుంది. రెండోదాన్ని కొద్ది ఎగ్జాస్ట్‌తో ముందే తిప్పి ఉంచి, 4000 దగ్గర కలుపుతుంది. అక్కడ చిన్న తగ్గుదల మామూలే. ఎక్కువగా ఉంటే, రెండో టర్బోను కలిపే వాల్వులను నడిపే వ్యాక్యూమ్ గొట్టాలు ముందు చూడండి. ముప్పై ఏళ్ల రబ్బరు వేడికి గట్టిపడిపోతుంది, వేలితో వంచితే పగుళ్లు బయటపడతాయి. అంత చక్కటి ఏర్పాటును పీకేయడానికి నాకైతే మనసొప్పదు.

ఇంకో జవాబు: నిస్సాన్ స్కైలైన్ జీటీ-ఆర్‌లో ఆర్‌బీ26 ఇంజిన్ ప్యారలలే కదా, మూడేసి సిలిండర్లకు ఒక టర్బో. ఆ వాల్వుల గొడవే లేదు. కాకపోతే కింద కాస్త నీరసం. ట్రాక్ మీదకే అయితే మార్చేయండి.

అడిగినవారు: ఆఫీసుకు వెళ్లేది ఇందులోనే. ముందు గొట్టాలు మార్పిస్తా, బూస్ట్ రీడింగ్ ఇక్కడే పెడతా.