కాటన్ దొర ఇంటిపేరుకీ పత్తికీ సంబంధం ఉందా?

గోదారిగట్టు:
ఆదివారం పిల్లల్ని ధవళేశ్వరం తీసుకెళ్లాను. కాటన్ దొర విగ్రహం దగ్గర మా అమ్మాయి, "నాన్నా, వీళ్లది పత్తి వ్యాపారమా?" అని అడిగింది. "అయ్యుంటుందమ్మా, మనలో ప్రత్తిపాటి వాళ్లు లేరూ" అనేశాను. ఇంటికొచ్చాక నేను చెప్పింది తప్పేమోనని అనుమానం పట్టుకుంది. తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

పాతకాగితాలు:
పత్తికీ దీనికీ సంబంధం లేదండీ. పాత ఇంగ్లీషులో 'కొట్' అంటే గుడిసె, పాక. ఇప్పటి కాటేజ్‌లో ఉన్నది ఆ మాటే. దానికి బహువచనం, విభక్తి చేరితే 'కొటుమ్', అంటే 'గుడిసెల దగ్గర'. అలా నాలుగు పాకలున్న చోటల్లా ఒక కోటన్, ఒక కాటన్, ఒక కాటమ్ పుట్టాయి. ఆ ఊళ్ల నుంచి వచ్చినవాళ్లకి ఊరి పేరే ఇంటిపేరైంది. బట్ట పేరు దారి వేరు. అరబ్బీ 'కుత్న్' ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చింది 14వ శతాబ్దం ప్రాంతంలో. ఈ ఊళ్లు 1086 నాటి డూమ్స్‌డే అనే ఇంగ్లండ్ భూముల లెక్కల పుస్తకంలోనే కనిపిస్తాయి. ఊరి పేరు ముందు, బట్ట పేరు తర్వాత.

ఇంకో సంగతి. మీరు చెప్పిన ప్రత్తిపాటి కూడా వ్యాపారం పేరు కాదు, ప్రత్తిపాడు ఊరి పేరు. పాడు 'పాటి' అయినట్టే అక్కడ కొట్ 'కొటుమ్' అయింది.

గోదారిగట్టు:
అయితే మన గుడిసెల వాళ్లూ, పాకల వాళ్లూ, కాటన్ వాళ్లూ ఒకటేనన్నమాట! మా అమ్మాయికి చెప్తే పడీపడీ నవ్వింది.

కేంబ్రిడ్జ్_సైకిల్:
నేనుండేది కేంబ్రిడ్జ్‌లో. ఊరికి పడమటగా, సైకిల్ మీద పావుగంటలో కోటన్ అనే పల్లె వస్తుంది. ఒక పాత చర్చి, ఒక పబ్, చుట్టూ గోధుమ పొలాలు. ఈ చలికి పత్తి మొక్క మొలవను కూడా మొలవదు! ఇక్కడివాళ్లు 'కో' అని సాగదీసి పలుకుతారు. నేను మొదట 'కాటన్' అంటే బస్సు డ్రైవర్‌కి అర్థం కాలేదు. స్టాఫర్డ్‌షైర్‌లో ఆల్టన్ టవర్స్ అనే వినోదాల పార్కు దగ్గర అచ్చంగా కాటన్ అనే ఊరే ఉంది.

లంకలబాబు:
మరి మన దొర వాళ్లది ఆ కేంబ్రిడ్జ్ ఊరేనా?

పాతకాగితాలు:
కాదు. వాళ్లు ష్రాప్‌షైర్, చెషైర్ సరిహద్దు వాళ్లు, కోంబర్‌మీర్ కాటన్లంటారు. 16వ శతాబ్దంలో ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీ మఠాలు మూయించినప్పుడు కోంబర్‌మీర్ మఠం జార్జ్ కాటన్ అనే ఆస్థాన ఉద్యోగికి దక్కింది. మఠమే వాళ్ల ఇల్లయింది. 1826లో భరత్‌పూర్ కోటను పట్టిన సేనాని స్టేపుల్‌టన్ కాటన్ ఆ ఇంటివాడే. మన ఆర్థర్ కాటన్‌కి పెదనాన్న కొడుకు. ఆర్థర్ 1803లో పుట్టాడు, ఇంట్లో పదో కొడుకు. పదోవాడికి మఠమూ రాదు, ఎస్టేటూ రాదు. అలాంటి కుర్రాళ్లకి అప్పట్లో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగమే దిక్కు. ఆ లెక్కన మన డెల్టాకి నీళ్లొచ్చింది వాళ్లింట్లో కొడుకులెక్కువై అని నేను సరదాగా అంటుంటాను.

లైబ్రరీ_పురుగు:
బ్రిటిష్ లైబ్రరీలో కాటన్ సేకరణ అని ఉంది కదా? సర్ రాబర్ట్ కాటన్ కూడబెట్టిన పాత రాతప్రతులు. ఆయన బీరువాల మీద రోమన్ చక్రవర్తుల బొమ్మలుండేవట. అందుకే ఇప్పటికీ ఆ ప్రతుల నంబర్లు నీరో, విటెల్లియస్ అనే ఉంటాయి. 'బేవుల్ఫ్' అనే పాత ఇంగ్లీషు కావ్యం ఒకే ఒక్క రాతప్రతి ఆ విటెల్లియస్ బీరువాలోదే. 1731 అగ్నిప్రమాదంలో అంచులు మాడాయి. గాజు పెట్టె వెనక ఆ నల్లబడ్డ అంచు చూస్తే ప్రాణం ఉసూరుమంది. ఈయన కూడా మన దొరకి చుట్టమేనా?

పాతకాగితాలు:
ఆయన హంటింగ్‌డన్‌షైర్‌లోని కానింగ్టన్ కాటన్. ఇంటిపేరు కలిసిందని చుట్టరికం కలపలేం. గుడిసెలు లేని జిల్లా ఎక్కడుంది? 1904 బొంబాయి కాంగ్రెస్‌కి అధ్యక్షత వహించిన సర్ హెన్రీ కాటన్ కూడా అంతే. పుట్టింది కుంభకోణంలో, కానీ ఆయన వంశం జోసెఫ్ కాటన్ అనే ఓడ కెప్టెన్‌ది.

లీసెస్టర్_పద్మ:
మా హౌస్ ఓనర్ పెద్దాయన ఇంటిపేరు కాటనే. ఆయన పుట్టినరోజుకని టూరిస్టు షాపులో 'కాటన్ వంశ చిహ్నం' ఉన్న కప్పు ఒకటి కొనిచ్చాను, 15 పౌండ్లు. ఆయన నవ్వి, "ఇంగ్లండ్‌లో చిహ్నం ఇచ్చేది మనిషికి, ఇంటిపేరుకి కాదమ్మా. మా తాత గుర్రాల సాలలో పనివాడు" అన్నారు. డబ్బు పోతే పోయింది, కప్పు మాత్రం రోజూ వాడుతున్నారు.

తర్వాత ఆయనతో పాటు చర్చి రిజిస్టర్లు తిరగేశాను. ఒకే తండ్రి పిల్లలకి ఒకచోట ఒక 'టి', ఇంకోచోట రెండు 'టి'లు, ఒక పాపకైతే చివర 'ఎన్' ముందు 'ఇ'. రాసేది పాదిరీ, చెప్పేవాళ్లకి చదువు రాదు. మీరెవరైనా వెతికితే అన్ని స్పెల్లింగులతోనూ వెతకండి. 1837 నుంచి జనన మరణాలకి ప్రభుత్వ రిజిస్ట్రేషన్ ఉంది కాబట్టి ఆ తర్వాతది సులువు. అంతకు ముందు కావాలంటే చర్చి రిజిస్టర్లే గతి, అవి 1538 నుంచి మొదలు. జనాభా లెక్కల్లో పేర్లు 1841 నుంచే పనికొస్తాయి.

లంకలబాబు:
బ్రౌన్ దొర సంగతి కూడా చెప్పండి మరి?

పాతకాగితాలు:
అది జుట్టు రంగుదో ఒంటి ఛాయదో, మన 'నల్ల', 'ఎర్ర' ఇంటిపేర్ల బాపతు. మన్రో దొర, మెకంజీ దొరలవి స్కాట్లండ్ పేర్లు, వాటి లెక్క వేరు. మెకంజీ అంటే కెన్నెత్ కొడుకు. మన్రో గురించి వేరే చర్చ మొదలెట్టండి, తీరిగ్గా రాస్తాను.