ఎఫ్ కార్డ్ పలకట్లేదు: తప్పు వేలిదా, గిటారుదా?

ప్రశ్న (కావలి): నలభై దాటాక అకూస్టిక్ గిటారు పట్టా. సి, జి కార్డులు (కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి పలికించేవి) బాగానే పలుకుతున్నాయి. ఎఫ్ పడితే ఒకటో తీగ (అన్నిటికన్నా సన్నది) టప్పుమని మూగబోతోంది. ఏంది కారణం?

జవాబు: అన్నా, ముందు పన్నెండో ఫ్రెట్ (మెడ మీది అడ్డ లోహపు కడ్డీ) మీద ఆరో తీగ, అంటే అన్నిటికన్నా లావుది, ఎంత ఎత్తులో ఉందో స్కేలుతో కొలవండి. 3 మి.మీ. దాటితే ఎవరి వేలికైనా కష్టమే. తర్వాత మొదటి ఫ్రెట్‌కి కాపో (తీగలన్నిటినీ ఒకేసారి నొక్కిపట్టే క్లిప్పు) పెట్టి, ఒక ఫ్రెట్ పైకి జరిగి అదే ఆకారం పట్టండి. అప్పుడు బాగా తేలికైతే నట్ (మెడ తల దగ్గర తీగలు ఆనే పట్టీ) గాడులు ఎత్తుగా ఉన్నట్టే, అరగదీయించండి. సొంతంగా ఆకురాయి పెట్టొద్దు, ఎక్కువ అరిగితే తీగ జరజరలాడుద్ది.

ఇంకో జవాబు: తీగలన్నిటి మీద అడ్డంగా వేసే చూపుడువేలు బల్లపరుపుగా కాదు, బొటనవేలి వైపు అంచు మీదికి కాస్త తిప్పి ఫ్రెట్ పక్కనే ఆనించండి. 12 సెట్ (లావు తీగలు) ఉంటే 10 సెట్ (సన్నవి) వేయండి. మన సముద్రపు గాలికి తీగ తొందరగా తుప్పు పడుద్ది, వాయించాక పొడిగుడ్డతో తుడవండి.

మరొకరు: అందాకా ఆరు, అయిదు తీగలు వదిలేసి నాలుగు తీగల ఎఫ్ పట్టండి, పాటకి అది చాలు.