మే నెలలో కొండపల్లి అడవిలో టెంట్: జంతువుల జాడలు చూడాలంటే?

విజయవాడ నుంచి నలుగురం. ఒక రాత్రి ఉండి, నీటి గుంట దగ్గరికి ఏం వస్తున్నాయో చూడాలి. మావాడొకడు అడవిపందిని కొట్టొచ్చంటున్నాడు, నిజమేనా?

జవాబు 1: ముందు ఆయన నోరు మూయించండి. 1972 వన్యప్రాణి చట్టం కింద వేట నేరం. అమెరికాలోలా ఇక్కడ వేట సీజన్, లైసెన్సు లేవు. రిజర్వ్ ఫారెస్ట్‌లోకి వెళ్లాలంటే అటవీ శాఖ రాతపూర్వక అనుమతి కావాలి. ఇవ్వకపోతే అడవి అంచున ఏ మామిడి తోట రైతునో అడిగి అక్కడే పడుకోండి. మంట మాత్రం వద్దు. ఎండాకులకి నిప్పురవ్వ చాలు. పులిహోర కట్టుకెళ్తే పొయ్యి గొడవే ఉండదు.

జవాబు 2: నీళ్లు మనిషికి రోజుకి 5 లీటర్లు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు వేరే. టెంట్‌కి పై కవర్ తీసేసి దోమతెర ఒక్కటే ఉంచండి, లేకపోతే లోపల ఉడికిపోతారు. జిప్ పూర్తిగా వేయాలి. పొద్దున బూట్లు దులపకుండా కాలు పెట్టొద్దు, తేళ్లుంటాయి.

జవాబు 3: గుంటకి కనీసం 100 మీటర్ల దూరంలో, గాలి గుంట వైపు నుంచి మీ మీదికి వీచేలా ఉండండి. వాసన తగిలితే ఏదీ రాదు. తెల్లారగానే, ఎండ ఏటవాలుగా ఉన్నప్పుడే బురద చూడండి, మధ్యాహ్నానికి అంచులు ఎండి విరిగిపోతాయి. రెండు గిట్టల వెనక పక్కలకి చిన్న గుంటలు పడితే పంది. గుండ్రటి పాదం, గోళ్ల గుర్తు లేకపోతే పిల్లి జాతి. గోళ్లు కనిపిస్తే కుక్కో నక్కో. పక్కన అగ్గిపెట్టె పెట్టి ఫొటో తీస్తే కొలత తెలుస్తుంది.

అడిగినవారు: సరేనండీ, ఆ వేటగాణ్ణి ఇంట్లోనే వదిలేస్తాం.