వారసత్వంగా వచ్చిన నాలుగు తీగల బాంజోకు ఐదు తీగల నెక్ వేయించవచ్చా?

ప్రశ్న అడిగినవారు:
మా తాతగారి టెనార్ బాంజో, అంటే నాలుగు తీగల బాంజో, నా చేతికి వచ్చింది. దాని మీద వెగా అన్న తయారీదారు పేరు ఉంది. రిమ్ (గుండ్రని చట్రం) లోపలి వైపునా, రిమ్‌కు అడ్డంగా సాగిన చెక్క కడ్డీ మీదా ఒకే సంఖ్య ముద్రించి ఉంది. నేను నేర్చుకుంటున్నది ఐదు తీగల బాంజో కనుక నెక్ (తీగలు సాగే పొడవైన చేయి) మార్పించాలనుకుంటున్నాను. ఇది సబబేనా?

మొదటి సభ్యులు:
నిస్సంకోచంగా మార్పించండి. 1920లలో నాట్యాలకు సంగీతం వాయించే బృందాల కోసం టెనార్లు విరివిగా తయారయ్యాయి. 1945లో అమెరికన్ గాయకుడు బిల్ మన్రో బృందంలో చేరిన బాంజో వాద్యకారుడు ఎర్ల్ స్క్రగ్స్ మూడు వేళ్లతో వాయించే పద్ధతి ప్రాచుర్యం పొందాక గిరాకీ ఐదు తీగల వైపు మళ్లింది. అందుకే ఆనాటి గిబ్సన్ కంపెనీ టెనార్లు ఎన్నో కొత్త నెక్‌లతో నేటికీ కచేరీలలో మోగుతున్నాయి. పాత నెక్‌ను దాచి ఉంచితే చాలు.

రెండవ సభ్యులు:
"దాచి ఉంచితే చాలు" అన్న మాట గిబ్సన్ వారి మాస్టర్‌టోన్ మోడల్‌కు చెల్లుతుంది, ఎందుకంటే అందులో నెక్‌ను లోహపు కడ్డీలు పట్టి ఉంచుతాయి గనుక దాన్ని విప్పినా రిమ్‌కు హాని లేదు. వెగా నిర్మాణం వేరు. మీరు చెప్పిన చెక్క కడ్డీ నెక్ మడమలోకి, అంటే అది రిమ్‌ను తాకే చివరలోకి, జిగురుతో అతికి ఉంటుంది. నెక్ పోతే దానితోపాటు ఆ సంఖ్యా పోతుంది, రెండు భాగాలూ ఒకేసారి పుట్టాయనడానికి ఉన్న గట్టి సాక్ష్యం చెదిరిపోతుంది. పైగా కొత్త కడ్డీ కుదరకపోతే రిమ్ రంధ్రాన్నే చెక్కేస్తారు. అలా పాడైన రిమ్‌ను చూసినప్పుడు నాకు నిజంగా బాధ కలుగుతుంది.

ముందు అది ఏ రకమో తేల్చుకోండి. రిమ్ మీద బిగించిన తోలు కింద, రిమ్ పైఅంచున, చిల్లులున్న ఇత్తడి గొట్టం కనిపిస్తే అది 1909 నుంచి వచ్చిన వెగా వారి ట్యూబాఫోన్ మోడల్ కావచ్చు. పాత తోలునూ మరలనూ అప్పుడే మార్చకండి, ఫొటోలు తీసి పెట్టుకోండి. నాలుగు తీగలతో పని లేదని కూడా అనుకోవద్దు: వయొలిన్‌కు ఒక స్థాయి కిందికి శ్రుతి చేసి ఐర్లండ్ వాద్యకారుడు బార్నీ మెకెన్నా ఐరిష్ సంగీతంలో టెనార్‌కు కొత్త జీవం పోశారు.

మొదటి సభ్యులు:
కడ్డీ విషయం ఒప్పుకుంటున్నాను. కానీ నెక్ అప్పటికే వంగిపోయి ఉంటే, వాయించలేని అసలు నెక్ కోసం మంచి రిమ్‌ను మూగగా ఉంచమనడం నాకు సమ్మతం కాదు.

ప్రశ్న అడిగినవారు:
నెక్ తిన్నగానే ఉంది, గొట్టానికి చిల్లులూ కనిపించాయి. దీన్ని నాలుగు తీగలతోనే ఉంచి, నేర్చుకోవడానికి వేరొకటి కొనుక్కుంటాను.